గవరయ్య నోరుమూత కాగితం

పోర్ట్‌బ్లెయిర్ డాలీగంజ్‌లో గవరయ్య ఇంటి వరండాలో, రేకు బల్ల కింద, ఒక బిస్కెట్ల డబ్బా ఉంటుంది. బిస్కెట్లు ఉన్నాయనుకుని చెయ్యి పెట్టినవాళ్లకి కాగితం ముక్కలు దొరుకుతాయి. అగ్గిపెట్టెంత ఒకటి, పోస్టుకార్డులో సగమంత ఒకటి. ప్రతి ముక్క మీదా నల్ల సిరాతో గీతలూ చుక్కలూ. ప్రతి ముక్క వెనకా ఎర్ర సిరాతో ఎవరిదో పేరు, ఎందుకు గీశాడో ఒక మాట. వాటిలో ఒకదాని వెనక మాత్రం ఇలా ఉంటుంది: "ఇది ఎరుకమ్మ పిన్నికి. ఇంకెక్కడా వాడకు, గాడిదా." రాసింది గవరయ్య. ఆ గాడిద కూడా గవరయ్యే.

ఎర్ర సిరా తర్వాత వచ్చింది. మొదట్లో ఆ ముక్కల వెనక ఏమీ ఉండేది కాదు. అసలు వెనక్కి తిప్పి చూసే అలవాటే గవరయ్యకి లేదు.

అతని తండ్రి కళింగపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చి, జంగ్లీఘాట్‌లో వల వేసుకుని బతికినవాడు. కొడుకు పుట్టడమే ఈ అండమాన్‌లో పుట్టాడు. సముద్రం మీద కడుపులో తిప్పుతుందని ఒడ్డునే ఉండిపోయి, పాలిటెక్నిక్‌లో చేరి, రెండో ఏడు సగంలో బయటికొచ్చాడు. ఎందుకొచ్చావురా అంటే, "వాళ్ల దగ్గర నాకు చెప్పడానికి ఇంకేం మిగల్లేదు" అనేవాడు. వాళ్లనడిగితే ఇంకో రకంగా చెప్పేవారేమో, ఎవరూ అడగలేదు. రేడియోలు బాగుచేశాడు, టీవీలు బాగుచేశాడు. సముద్రంలో పడ్డ ఒక ట్రాన్సిస్టర్ రేడియోని విప్పితే లోపల చిన్న చేప ఉందనీ, చేపని తీయకుండా మూత బిగిస్తే అప్పట్నుంచి సిలోను స్టేషను ఇంకా బాగా వస్తోందనీ అతనే చెప్పేవాడు. నమ్మనివాళ్లు కూడా రెండోసారి చెప్పించుకునేవాళ్లు.

తొంభయ్యో దశకంలో గవరయ్యకి పేరు తెచ్చింది నీళ్ల అలారం. పోర్ట్‌బ్లెయిర్‌లో కుళాయి రోజు విడిచి రోజు తెల్లారగట్ల వచ్చేది. అందరూ మోటారు వేసి మేడ మీది ట్యాంకుకి ఎక్కించి మళ్లీ పడుకునేవారు. ట్యాంకు నిండి నీళ్లు వీధిలోకి పారితే, ఆ రెండు రోజులూ ఇంట్లో ఏడుపే. గవరయ్య ఒక చిన్న డబ్బా చేశాడు. దాన్నుంచి రెండు తీగలు ట్యాంకులోకి వేలాడతాయి. నీళ్లు తీగల్ని తాకితే డబ్బా కూస్తుంది. ఆ కూత విని చాతం రంపపు మిల్లులో సగం మంది మధ్యాహ్నమైందనుకుని భోజనాలకి లేచిపోయారని గవరయ్య చెప్పేవాడు. డాలీగంజ్ ఎక్కడ, చాతం ఎక్కడ! అయినా చెప్పేవాడు.

డబ్బాలో ఉన్నది ఒక బోర్డు. రాగి రేకు అతికించిన పలక మీద, కరెంటు ఎక్కడ నడవాలో అక్కడ రంగుతో గీతలు గీసి మందునీళ్లలో వేస్తే, రంగు కింది రాగి మిగిలి తక్కింది కరిగిపోతుంది. ఆ మిగిలిన రాగి గీతలే తీగలు. గీయడమే కష్టం. ఒక్క గీత తప్పితే పలక దండగ, కొత్త పలక చెన్నై ఓడలో రావాలి. అందుకని గవరయ్య బాగా పనిచేసిన గీతల్ని ముక్కలు ముక్కలుగా కాగితాల మీద దించి బిస్కెట్ల డబ్బాలో దాచుకున్నాడు. కొత్త బోర్డు కావలిస్తే డబ్బాలోంచి ముక్కలు తీసి, పలక మీద పక్కపక్కన పేర్చి, కార్బన్ కాగితం పెట్టి దించేస్తాడు. మొదటి ముక్క బ్యాటరీ కరెంటు అందుకునేది. రెండోది నీళ్లని పసిగట్టి కూత పెట్టేది. మూడోది నోరుమూత.

నోరుమూత పుట్టింది పక్కింటి ఎరుకమ్మ పిన్ని వల్ల. ఒకరోజు తెల్లారగట్ల ఆవిడ చీపురు పట్టుకుని గవరయ్య గుమ్మంలోకి వచ్చేసింది.

"ఏట్రా గవరా! ఆ ముందింటోళ్లు మొద్దునిద్దరోళ్లు. ఆళ్ల ట్యాంకు నిండితే ఆళ్లు లెగరు, నాను లెగాల! అరగంట కూసింది నీ దెయ్యం. నిమిషం కూసి నోరు మూసుకోదా అది? నీలాగే ఉందిరా!"

గవరయ్య నవ్వి, ఒక కెపాసిటరూ ఒక ట్రాన్సిస్టరూ కలిపి ఇంకో ముక్క గీశాడు. కూత మొదలైన నిమిషానికి అది కూతని ఆపేస్తుంది. నీళ్లు దిగి తీగలు ఆరితేనే మళ్లీ కూతకి సిద్ధమవుతుంది. ఎరుకమ్మ పిన్ని నిద్ర దక్కింది. "మనిషికి లేని బుద్ధి యంత్రానికి పెట్టాను" అని గవరయ్య ఆరు నెలలు చెప్పుకు తిరిగాడు.

అతని అక్క బుల్లమ్మ గరాచర్మలో ఉండేది. ఆమె భర్త నూకన్న, జంగ్లీఘాట్ పోలిరాజు గారి బోటుకి చుక్కాని పట్టేవాడు. ఒక పండక్కి గవరయ్య ట్యాంకు గొప్పలు చెబుతుంటే నూకన్న చేపముల్లు తీసుకుంటూ అన్నాడు: "బావా, బోటు అడుగుక్కూడా ఒకటి సెయ్యరాదేటి? నీరు సేరినట్టు తెలీక సస్తన్నాం."

"ఒక పూట పని బావా!" అన్నాడు గవరయ్య.

ఒక పూటే పట్టింది. బిస్కెట్ల డబ్బాలోంచి మూడు ముక్కలూ తీశాడు, పేర్చాడు, దించాడు. ట్యాంకులో వేలాడాల్సిన తీగలు బోటు అడుక్కి వేలాడాయి. కొత్తగా ఒక్క గీత గీయలేదు, కొత్తగా ఒక్క ఆలోచన చెయ్యలేదు. అందరికీ చెప్పిన గొప్ప కూడా అదే. నీరు చేరినప్పుడు అది కూసింది, నూకన్న పంపు వేశాడు. అది చూసి ఇంకో పది బోట్లవాళ్లు పెట్టించుకున్నారు. జెట్టీ మీద గవరయ్యని "ఇంజనీర్ సాబ్" అనడం మొదలెట్టారు. అతను వద్దనలేదు.

ఏడాది తిరిగాక ఒక మధ్యాహ్నం పోలిరాజు బోటుని ఇంకో బోటు తాడు కట్టి లాక్కొచ్చింది. పంకా ఇరుసు బయటికి పోయే చోట కట్టు వదులై అడుగున నీళ్లు చేరి, ఇంజను సగం మునిగి ఆగిపోయింది. చేపా, ఐసూ అన్నీ పోయాయి. బోట్లో ఉన్నది నూకన్న, లక్ష్ముడు అనే ఇంకో మనిషి. ఇద్దరూ బతికి వచ్చారు.

పోలిరాజు అడిగితే నూకన్న ఒకటే మాట చెప్పాడు. గాలం తాడుకి పెద్ద చేప పడిందని లక్ష్ముడు కేకేస్తే, చుక్కాని కట్టేసి ముందుకెళ్లి అయిదు నిమిషాలు సాయం పట్టాడు. తిరిగొచ్చి డబ్బా పక్కనే అరగంట కూచున్నాడు. అది కూయలేదు. ఇంజను దగ్గడం మొదలెట్టాకే చూశాడు, అప్పటికి నీళ్లు మోకాలి దాకా వచ్చేశాయి.

మర్నాడు గవరయ్యని జెట్టీకి పిలిపించారు. కప్పు కింద కట్టి ఉండటంతో డబ్బా తడవలేదు. పోలిరాజు బకెట్టుతో సముద్రం నీళ్లు తోడించి పెట్టాడు. చుట్టూ ఇరవై మంది.

"ఏమయ్యా ఇంజనీరూ, మా నూకన్న నీ డబ్బా కూయలేదంటాడు. ఏమంటావు, క్యా బోల్తా హై?"

"కూయకపోవడమా! పోలిరాజు గారూ, అది ఒకసారి కూస్తే కలకత్తా ఓడ వాళ్ల కెప్టెను మనకి సలాం కొట్టి దారిచ్చాడు" అంటూ గవరయ్య తీగలు బకెట్లో ముంచాడు.

డబ్బా పంది గొంతు కోసినట్టు కూసింది. జనం చెవులు మూసుకుని నవ్వారు. లక్ష్ముడు నూకన్న వీపు మీద చరిచి, "అన్నా, ఇది ఇనపడలేదేటి నీకు? మంచి కునుకే తీసేవు!" అన్నాడు. నూకన్న డబ్బా వంకే చూస్తున్నాడు.

"ఉంచు, ఉంచు. బాగుంది, ఇంకా విందాం" అన్నాడు పోలిరాజు.

గవరయ్య తీగలు అలాగే పట్టుకుని ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. కూత సాగుతోంది. అప్పుడు ఎక్కడ్నుంచి వచ్చిందో చీపురు పట్టుకున్న ఎరుకమ్మ పిన్ని కళ్ల ముందుకి వచ్చింది. నిమిషం కూసి నోరు మూసుకోదా అది?

చేతిలో తీగలు బరువెక్కాయి. అయిదు నిమిషాలు ముందుకెళ్లాడు నూకన్న. ఇంజను మోతలో అక్కడికి కూత వినపడదు. ఆ అయిదు నిమిషాల్లో ఒక్క నిమిషం ఇది కూసింది. తర్వాత నోరు మూసుకుంది. ట్యాంకులో అయితే నీళ్లు దిగుతాయి. బోటు అడుగున ఎక్కడ దిగుతాయి? నూకన్న దీని పక్కనే కూచున్నాడు, ఇది నోరు మూసుకునే ఉంది, నీళ్లు పెరిగాయి.

ఎంతసేపైంది ఇప్పటికి? నలభై? యాభై?

గవరయ్య చెయ్యి దానంతటదే తీగల్ని బకెట్లోంచి బయటికి లాగేసింది. కూత ఆగింది.

"చాల్లెండి. బ్యాటరీ అయిపోద్ది" అన్నాడు.

"సరే బస్. డబ్బా పక్కా" అన్నాడు పోలిరాజు. "నూకన్నా, రేపట్నుంచి చుక్కాని లక్ష్ముడు పడతాడు. నువ్వు ఐసు మొయ్యి." పద్దెనిమిదేళ్లు పట్టిన చుక్కాని అది. నూకన్న తల ఊపి, పక్కనున్న బుట్ట ఎత్తుకుని ఎవరి మొహమూ చూడకుండా వెళ్లిపోయాడు.

ఆ రోజు గవరయ్య బజారు దారిన కాకుండా వెనక వీధుల్లోంచి ఇంటికెళ్లాడు. బిస్కెట్ల డబ్బా తెరిచి మూడో కాగితం తీసి వరండాలో కూచున్నాడు. ఎంత చిన్న ముక్క! ఎరుకమ్మ పిన్ని నిద్ర కోసం గీసిన గీత సముద్రం మీదికి పోయి కూచుంది. పంపింది తను. చూడకుండా పంపాడు. పనిచేస్తున్న గీతని మళ్లీ చూడటమెందుకనుకున్నాడు. కాగితం మీద రాగి దారి ఉంది గానీ ఎవరి కోసమో ఎందుకోసమో ఎక్కడా లేదు.

అదైనా పొరపాటు. బకెట్లోంచి తీగలు లాగింది పొరపాటు కాదు. అన్నం ముందు కూచుంటే ఆ చెయ్యే కంచంలోకి వెళ్లేది.

మూడో రోజున గవరయ్య ఒక ఉపాయం పన్నాడు. బోర్డు మీద ఒకే ఒక్క రాగి గీతని బ్లేడుతో కోస్తే నోరుమూత చచ్చిపోతుంది, కూత ఆగకుండా సాగుతుంది. రెండు బోట్ల దగ్గరికెళ్లి "ఫ్రీ సర్వీసు" అని డబ్బాలు విప్పి, గీత కోసి, మూసి ఇచ్చేశాడు. పదకొండూ ఇలాగే చేసేస్తే ఎవరికీ తెలీదు. ఒక బోటాయన టీ తెప్పించి, "భయ్యా, డబ్బులు తీసుకోకుండా బోటు దగ్గరికొచ్చి చూసేవాడు నువ్వొక్కడివే" అన్నాడు. గవరయ్య టీ సగంలోనే పెట్టేసి లేచాడు. పైగా జెట్టీ మీది కూత విన్నవాళ్లు ఇంకో నలుగురు కొత్తగా కావాలన్నారు. పలకలు లేవు, ఓడ రావాలి అన్నాడు. పలకలు బల్ల కిందే ఉన్నాయి.

ఆదివారం అక్క కబురు పెడితే గరాచర్మ వెళ్లాడు. బుల్లమ్మ చారు వడ్డిస్తూ, మొగుడు వింటుండగానే అంది:

"మా తమ్ముడి డబ్బా అబద్ధమాడదు. జెట్టీ జెట్టీ అంతా ఇంది. నిద్దరపోయేనని ఒప్పుకుంటే ఈయన సొమ్మేటి పోద్దిరా? పోలిరాజు బాబు కాస్త మెత్తబడును. ఒప్పుకోడు!"

"అక్కా, పోనీ..."

"నువ్వుండరా. నీ మంచితనంతో నువ్వు బావని వెనకేసుకురాకు."

వెనకేసుకు రావడం! గవరయ్య ముద్ద కలుపుతూనే ఉండిపోయాడు.

భోజనాలయ్యాక నూకన్న అతన్ని గుమ్మం దాకా సాగనంపుతూ, చెప్పులు వెతుకుతున్నట్టు వంగి, మెల్లగా అన్నాడు: "బావా, నాను నిద్దరపోయేనేమో."

"ఏటి బావా?"

"అంతమంది ఇన్నారు కదా. అది కూసే ఉంటాది. నాకు గ్యాపకం నేదు. కళ్లు తెరిసే ఉన్నాయనుకున్నాను. వయసైపోతంది కావాల. అలాటోడు సుక్కాని పడితే ఇంకో మనిసి పేనం పోద్ది. అందుకే సాతం మిల్లులో కర్రలు మోసే పనుందంటే సూడమన్నాను." చెప్పులు దొరికాయి. వాటిని తమ్ముడి కాళ్ల ముందు సర్దినట్టు బావమరిది కాళ్ల ముందు సర్ది పెట్టాడు. "నీ డబ్బాకి నాను సెడ్డపేరు తెచ్చేను. మనసులో ఎట్టుకోకు."

సముద్రం మీద ఒక్కనాడూ కన్ను మూయని మనిషి. తన కళ్లనే తను నమ్మడం మానేశాడు. గవరయ్య చెప్పుల్లో కాళ్లు పెట్టలేక వాటిని చేత్తో పట్టుకుని రోడ్డు దాకా నడిచాడు.

మర్నాడు పొద్దున్న జెట్టీకి బోట్లు చేరుతున్న వేళ. పోలిరాజు ఇంజను మెకానిక్కుతో మాట్లాడుతున్నాడు. నూకన్న ఐసు గోనెలు మోస్తున్నాడు. గవరయ్య డబ్బా అడిగి తీసుకుని, బకెట్టు తోడి, అందరి మధ్యా పెట్టాడు.

"క్యా ఇంజనీర్ సాబ్, కొత్త కథా?" అన్నాడు లక్ష్ముడు.

"లక్ష్ముడూ, నీకు గడియారం ఉంది కదా. చూస్తుండు" అన్నాడు గవరయ్య. తీగలు ముంచాడు.

డబ్బా కూసింది. మొదట నవ్వారు. తర్వాత విసుక్కున్నారు. "చెవులు పోతన్నాయి, ఆపరా బాబూ!" అన్నారెవరో. గవరయ్య ఆపలేదు. కూత టక్కున ఆగిపోయింది. తీగలు నీళ్లలోనే ఉన్నాయి.

"బ్యాటరీ పోయిందా?" అన్నాడు పోలిరాజు.

"పోలేదండీ. నిమిషానికి ఆగిపోయేలా నేనే పెట్టాను. మా పక్కింటావిడ నిద్ర చెడుతోందని ట్యాంకు అలారానికి పెట్టింది. అదే ముక్క చూసుకోకుండా బోటుకీ దించేశాను. బావ ముందుకెళ్లినప్పుడు ఇది కూసింది. తిరిగొచ్చేసరికి నోరు మూసుకుంది. బావ నిద్రపోలేదు."

గవరయ్య అక్కడితో ఆగిపోదామనుకున్నాడు. ఆగితే సగమే అవుతుంది.

"ఆ రోజు బకెట్టు దగ్గర నిలబడ్డప్పుడే నాకు తెలిసిపోయిందండీ. అందుకే నిమిషం కాకముందే తీగలు లాగేశాను."

వెనకనుంచి ఎవరో ఫక్కున నవ్వారు. "ముసలమ్మ నిద్ర కోసమా! వాహ్ రే ఇంజనీర్!" నవ్వు ఒకరి నుంచి ఒకరికి పాకింది. పోలిరాజు మాత్రం నవ్వలేదు. ఉమ్మేసి, "నూకన్నా, ఆ గోనె దించు" అన్నాడు. గవరయ్య వైపు తిరగనైనా తిరగలేదు. తిట్టినా బాగుండేది.

నూకన్న గోనె దించి, చేతులు లుంగీకి తుడుచుకుని, బకెట్టు దగ్గర గొంతుక్కూచున్నాడు. తీగలు తీసి, లుంగీ అంచుతో తుడిచి ఆరనిచ్చి, మళ్లీ తనే ముంచాడు. తల వంచుకుని నిమిషమంతా విన్నాడు. ఆగిపోయాక కూడా కాసేపు వింటూనే ఉన్నాడు.

"అయితే నా కళ్లు తెరిసే ఉన్నాయి" అన్నాడు.

"తెరిచే ఉన్నాయి బావా."

"ఇంకా ఎన్ని బోట్లలో ఉందిది?"

"పది. రెంటికి దొంగచాటుగా కోసేశాను. వాళ్లకీ చెప్పాలి."

"సెప్పు. ముందు మీ అక్కకి సెప్పు."

"నువ్వూ రా బావా."

"నాను రాను. నానుంటే నా కోసం సెప్పేవనుకుంటాది. దానికి నీ డబ్బా మీద ఉన్న గురి నా మీద నేదు." కోపంగా అనలేదు. డబ్బా తీసి గవరయ్య చేతిలో పెట్టి, బోటెక్కి చుక్కాని దగ్గరికెళ్లి కూచున్నాడు. ఇంజను లేని బోటది, ఎక్కడికీ పోయేది కాదు.

గరాచర్మ బస్సులో గవరయ్య డబ్బా ఒళ్లో పెట్టుకున్నాడు. కండక్టరు టికెట్టు కొట్టి, "బాంబా ఏంటి భయ్యా?" అన్నాడు. ఇంకో రోజైతే ఆ మాటకి గవరయ్య గరాచర్మ వచ్చేదాకా కథ అల్లేవాడు.

"నీళ్ల అలారం."

"పనిచేస్తదా?"

"సగం" అన్నాడు.

బుల్లమ్మ వాకిట్లో చేపలు కడుగుతోంది. తమ్ముణ్ణి చూసి మొహం విప్పారింది. "అదేట్రా, డబ్బా పట్టుకొచ్చేవు? మాకూ పెడతావేటి?"

"అక్కా, ఒక చెంబుడు నీళ్లు పట్రా."

"తాగడానికా?"

"కాదు. ఇది నువ్వు పూర్తిగా వినాలి. జెట్టీలో ఆ రోజు ఎవరూ పూర్తిగా వినలేదు."

"నాకు సూపించాలేట్రా? నీ డబ్బా సంగతి నాకు తెలీదేటి!" అంటూనే చెంబుతో నీళ్లు తెచ్చి గట్టు మీద పెట్టింది. గవరయ్య తీగలు ముంచాడు. కూతకి గరాచర్మ అంతా లేచింది. పక్కింటి వాళ్లు కిటికీ తెరిచారు. వాళ్ల వైపు చూసి బుల్లమ్మ గర్వంగా, "మా తమ్ముడు సేసిందే!" అని అరిచింది.

గవరయ్య లోపల లెక్కపెట్టుకుంటున్నాడు. ముప్పై. నలభై. అక్క నవ్వుతోంది. నవ్వుతున్న ఆ మొహాన్ని చూస్తూ నిలబడాలి, అది తప్పించుకోకూడదు అనుకున్నాడు. యాభై. చెయ్యి వెనక్కి లాగమంది.

కూత ఆగింది. బుల్లమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది. ఎందుకాగిందో ఆమెకింకా తెలీదు.

గవరయ్య తీగలు పైకి తియ్యలేదు.